చీపురు పట్టే ముందు చదువు

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

పాత రైళ్లను కాపాడే వాళ్లతో చేరి, 1950ల నాటి డీజిల్ రైలు పెట్టెను మళ్లీ పట్టాలెక్కించే పనికి పూనుకున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. రాజమండ్రి నుంచి ఇంగ్లండు వచ్చి ముప్పై ఏళ్లు డీజిల్ షెడ్డులో ఫిట్టరుగా పనిచేసిన నాకు ఆ కబురుతో మనసు నిండిపోయింది. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

గట్టి బూట్లు, చక్రాలకు అడ్డుదిమ్మలు, బ్యాటరీ తీగలు విప్పడం వంటివి అక్కడివాళ్లే చెబుతారు. వీలు చూసుకుని స్విండన్ మ్యూజియంలో గ్రేట్ వెస్టర్న్ రైల్వే కంపెనీవారి నాలుగో నంబరు రైల్‌కారును, అంటే తన ఇంజనుతో తానే నడిచే పెట్టెను, చూసి రా. 1933 చివర తిరగడం మొదలుపెట్టిన ఒకటో నంబరుకు బస్సులు తయారుచేసే ఏఈసీవారి 130 అశ్వశక్తి ఇంజను ఒక్కటే ఉండేది. అయినా 69 మందిని మోసేది. మరుసటి ఏడాది బర్మింగ్‌హామ్, కార్డిఫ్‌ల మధ్య నడిచిన వాటికి రెండేసి ఇంజన్లతో పాటు ఫలహారాల గది కూడా అమర్చారు. 1954లో డెర్బీలో తయారైన తేలికపాటి అల్యూమినియం రైళ్లు లీడ్స్, బ్రాడ్‌ఫర్డ్‌ల మధ్య తిరిగాయి. ఇంజన్లు పెట్టె అడుగున ఒదిగిపోవడంతో ప్రయాణికులు డ్రైవరు వెనక కూర్చుని, ఎదురుగా వచ్చే పట్టాలను చూస్తూ వెళ్లేవారు. బ్రిటిష్ రైల్వేవారి 1955 ఆధునికీకరణ ప్రణాళిక తరువాత ఇలాంటి పెట్టెలు వేగంగా తయారయ్యాయి. చాలావాటి గోడల లోపల వేడినీ చప్పుడునూ ఆపడానికి నీలి ఆస్బెస్టాస్ అనే ఖనిజపు నార పట్టించారు. నా భయమంతా దాని గురించే.

1971 మార్చిలో, వాన నీరు కారుతున్న ఒక పెట్టె గోడ పలకను నేను విప్పాను. లోపలి నుంచి నీలం కలిసిన బూడిద రంగు దూదిలాంటిది గుప్పెళ్లకొద్దీ రాలింది. కిటికీ నుంచి పడిన ఎండలో నలుసులు మెరుస్తూ తేలాయి. నా దగ్గర పని నేర్చుకుంటున్న పదిహేడేళ్ల కుర్రాడి చేతికి చీపురు ఇచ్చింది నేనే. నీళ్లు చల్లమనలేదు, ముక్కుకు గుడ్డ కట్టుకోమనలేదు. ఊడ్చిన తరువాత వాడు తన టీ కప్పులో పడిన నలకను వేలితో తీసేసి, నవ్వుతూ మిగతాది తాగాడు. హెచ్చరిక కాగితం షెడ్డు గోడకు అంటించే ఉంది. సాయంత్రానికి పెట్టె అప్పగించాలన్న తొందరలో నేను దానివైపు చూడలేదు. ముప్పై అయిదేళ్ల తరువాత ఊపిరితిత్తుల పొరకు వచ్చిన క్యాన్సరుతో వాడు చనిపోయాడు. ఆ నార అన్నేళ్లు లోపలే దాగి ఉండగలదు. అంత్యక్రియల్లో వాడి తల్లి నా చెయ్యి పట్టుకుని, తన కొడుక్కి పని నేర్పినందుకు కృతజ్ఞతలు చెప్పింది. ఆమెకు నేను నిజం చెప్పలేకపోయాను.

“ఇన్నేళ్లు జనం ఎక్కిన రైలే కదా, ఏమవుతుంది?” అని అమ్మతో అన్నావట. ఆ మాట ఇంకెప్పుడూ అనకు. ఆస్బెస్టాస్ తీసేసినట్లు కాగితం చూపించమను. కాగితం ఉన్నా మూలల్లో, పైపుల వెనక మిగిలి ఉండవచ్చు. అందులో శిక్షణ పొందినవాళ్లు నమూనా తీసి పరీక్ష చేయించేదాకా ఒక్క మరను కూడా విప్పకు. తొందరపెట్టేవాళ్లు ఎంత పెద్దవాళ్లయినా సరే, పని ఆపేసి బయటికి వచ్చెయ్యి తల్లీ.

నడిపేటప్పుడు గేరు మార్చేముందు థ్రాటిల్‌ను, అంటే ఇంజను వేగం పెంచే పిడిని, పూర్తిగా తగ్గించాలన్నది నేనే పక్కన నిలబడి చూపిస్తాను. నీ పెట్టె పక్కన రాసి ఉన్న ఐదంకెల నంబరు పంపు. అది ఎప్పుడైనా మా షెడ్డుకు వచ్చిందేమో, ఏ గోడలు విప్పామో, నా పాత నోటుపుస్తకాల్లో వెతికి పెడతాను.

మీ మామయ్య