నురగ వచ్చినంత మాత్రాన గాయానికి ఆక్సిజన్ అందినట్టు కాదు

మీ నాన్నగారి మడమ మీది పుండు నాలుగు నెలలుగా మానడం లేదనీ, రొయ్య పెంకుల నుంచి తీసిన పదార్థంతో చేసిన నానో కణాలు గాయానికి నేరుగా ఆక్సిజన్ అందిస్తాయని పత్రికలో చదివాననీ, అవి చెన్నైలో ఎక్కడైనా దొరుకుతాయా, వాటి కోసం కొన్నాళ్ళు ఆగవచ్చా అనీ మీరు అడిగారు. దయచేసి ఆగవద్దు. ఆ పరిశోధన మీద నాకు చాలా ఆశ ఉంది. అయినా ఆగవద్దని ఎందుకు అంటున్నానో మా ఇంట్లో జరిగింది చెబితే మీకే అర్థమవుతుంది.

మాది పెరంబూరు. నేను 26 ఏళ్ళు పాఠశాలలో రసాయనశాస్త్రం చెప్పాను. మా మామగారికి అప్పుడు 71 ఏళ్ళు, చక్కెర జబ్బు వచ్చి 18 ఏళ్ళు. ఆ ఏడాది కార్తిక మాసంలో ఆయన తిరువణ్ణామలైలో గిరి ప్రదక్షిణ చేశారు, 14 కిలోమీటర్లూ వట్టి కాళ్ళతోనే. బొటనవేలి కింద బొబ్బ లేచి, చిట్లి, అందులో ఇసుక చేరినా ఆయనకు నొప్పి తెలియలేదు. మర్నాడు స్నానాల గది గడప దగ్గర రక్తపు మరకలు చూసి నేను కనిపెట్టాను. భక్తికి నేను ఎన్నడూ అడ్డు చెప్పను. అయితే అరికాలిలో స్పర్శ పోయిన పెద్దలను వట్టి కాళ్ళతో నడవనివ్వడం ఇంట్లోవాళ్ళ తప్పేనని నా గట్టి అభిప్రాయం. ఆ తప్పు మేమూ చేశాం.

మొదట ఎదురింటివారి సలహాతో కాఫీ పొడి అద్దారు. అది కడిగించడానికే రెండు రోజులు పట్టింది. తర్వాత దగ్గరలోని ఒక క్లినిక్‌లో రోజూ కట్టు మార్పించాం. అక్కడి కాంపౌండరు ప్రతిరోజూ పుండు మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసేవాడు. తెల్లని నురగ బుసబుసమని పొంగి, పాదం అంచు మీదుగా కింద పెట్టిన స్టీలు పళ్ళెంలోకి జారేది. “చూశావా అమ్మా, లోపలికి ఆక్సిజన్ పోతోంది” అని మా మామగారు సంతోషించేవారు. ఆ చర్యనే ఏటేటా పిల్లలకు పరీక్షనాళికలో చూపించిన నేను, ఆ నురగను చూస్తూ ఐదు వారాలు ఊరుకున్నాను. అది తలచుకుంటే ఈ రోజుకీ నా మనసు కలుక్కుమంటుంది.

ఆ నురగలో ఉన్నది ఆక్సిజనే, సందేహం లేదు. రక్తంలోనూ కణాల్లోనూ ఉండే కాటలేజ్ అనే ఎంజైము పెరాక్సైడ్‌ను క్షణాల్లో నీరుగా, ఆక్సిజన్‌గా విడగొడుతుంది. ఆ ఆక్సిజన్ బుడగలై గదిలోని గాలిలో కలుస్తుందే తప్ప కణజాలంలోకి ఇంకదు. పైగా పెరాక్సైడ్ సూక్ష్మజీవులతో పాటు కొత్త కండను కట్టవలసిన కణాలనూ చంపుతుంది. “గాలి తగలనివ్వండి, ఆరిపోతుంది” అనే మాట కూడా ఇలాంటిదే. గాలిలో 21 శాతం ఆక్సిజన్ ఉన్నా, చీమునూ, చచ్చిన కండనూ, సూక్ష్మజీవుల జిగురు పొరనూ దాటి లోపలికి చేరేది అత్యల్పం. కణాలు ప్రధానంగా ఆధారపడేది రక్తం మీదే, అదీ కేశనాళిక (వెంట్రుకంత సన్నని రక్తనాళం) నుంచి మిల్లీమీటరులో పదో వంతు, మహా అయితే ఐదో వంతు దూరం వరకే.

ఆ తర్వాత ఒక ఆసుపత్రిలో రక్తనాళాల శస్త్రవైద్యురాలు ఆయనను చూశారు. అంతకుముందు చూసిన ముగ్గురు వైద్యులూ పుండునే చూశారు కానీ, ఒక్కరూ పాదం పైన వేలు పెట్టి నాడి చూడలేదు; ఇది నా తీరని ఫిర్యాదు. ఆవిడ పాదం పైనా, చీలమండ వెనుకా వేళ్ళు ఉంచి చాలాసేపు కదలకుండా కూర్చున్నారు. చీలమండ దగ్గర కొలిచిన రక్తపోటును చేతి రక్తపోటుతో పోల్చి చూస్తే నిష్పత్తి 1.4 దాటింది. ఎక్కువ రావడం మంచిదే కదా అనుకున్నాను. కాదట; చక్కెర జబ్బులో రక్తనాళాల గోడల్లో కాల్షియం చేరి గట్టిపడితే రక్తపోటు చూసే పట్టీ వాటిని నొక్కజాలదు, అందువల్ల అంకె అబద్ధం చెబుతుంది.

అప్పుడు చర్మం మీద ఆక్సిజన్ కొలిచారు. పుండుకు కొంచెం ఎగువన చిన్న ప్లాస్టిక్ వలయం అతికించి, అందులో రెండు చుక్కల ద్రవం వేసి, బిళ్ళంత ఎలక్ట్రోడ్‌ను బిగించారు. అది చర్మాన్ని దాదాపు 44 డిగ్రీల వరకు వేడి చేసి, కింది నుంచి పైకి వచ్చే ఆక్సిజన్‌ను లెక్కిస్తుంది. తెర మీది అంకె మొదట గాలిలోని ఆక్సిజన్‌ను చూపుతూ 150 దగ్గర ఉంది. అక్కడి నుంచి దిగసాగింది. 90, 60, 40. ఇక ఆగుతుందని నేను అనుకున్న ప్రతిచోటా ఆగకుండా, ఇరవై నిమిషాలకు 18 మిల్లీమీటర్ల పాదరసం దగ్గర నిలిచింది. ఛాతీ మీద పెట్టిన ఎలక్ట్రోడ్ 58 చూపిస్తోంది. 30 కన్నా తక్కువైతే పుండు తనంతట తాను మానడం చాలా కష్టమని ఆవిడ చెప్పారు. మోకాలి కింది రక్తనాళాల్లో పూడిక ఉందని తేలింది; బెలూన్‌తో దారి తెరిచారు. నాలుగు వారాల తర్వాత అదే చోట 41 వచ్చింది. అప్పటిదాకా పాలిపోయి ఉన్న పుండు అడుగున దానిమ్మ గింజల్లాంటి ఎర్రటి కండ పడడం నేను నా కళ్ళతో చూశాను.

ఇప్పుడు మీరు చదివిన నానో కణాల సంగతి. మన చెన్నైలోని కాశిమేడు చేపల రేవులో గుట్టలుగా పడి ఉండే రొయ్య పెంకుల్లో కైటిన్ ఉంటుంది. దాన్ని గాఢమైన క్షారంలో వేడి చేస్తే కైటోసాన్ అవుతుంది. దానికి ధనావేశం ఉంటుంది, సూక్ష్మజీవుల పై పొరకు ఋణావేశం ఉంటుంది, కనుక అది వాటిని పట్టుకుంటుంది. మండపం, రామేశ్వరం తీరాల్లో దొరికే గోధుమరంగు సముద్రపు నాచు నుంచి ఆల్జినేట్ వస్తుంది. ఇలాంటి జీవ పాలిమర్లతో కొన్ని వందల నానోమీటర్ల గుళికలు చేసి, లోపల ఆక్సిజన్‌ను మోసే పదార్థం పెడతారు. మామూలు వాతావరణ పీడనంలో స్వచ్ఛమైన ఆక్సిజన్ తగిలినప్పుడు 100 మిల్లీలీటర్ల నీరు సుమారు 3 మిల్లీలీటర్ల ఆక్సిజన్‌నే కరిగించుకుంటే, అలా మోసే పెర్‌ఫ్లోరోకార్బన్ ద్రవాలు (కార్బన్‌కు ఫ్లోరిన్ చేరినవి) 40 నుంచి 50 మిల్లీలీటర్లు కరిగించుకుంటాయి. ఇటలీలోని టురిన్ శాస్త్రవేత్తలు ఈ పద్ధతిలోనే కైటోసాన్ పొర ఉన్న ఆక్సిజన్ నానో బుడగలు తయారుచేశారు. మరికొందరు గుళికలో కాల్షియం పెరాక్సైడ్ పెడతారు. అది తడి తగిలితే కాల్షియం హైడ్రాక్సైడ్‌గా, హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుతుంది. ఆ పెరాక్సైడ్ నుంచి ఆక్సిజన్ వస్తుంది.

అంటే మా కాంపౌండరు సీసాలోని పదార్థమే ఇక్కడా ఉంది. అక్కడ అరనిమిషంలో పొంగిపోయేదాన్ని ఇక్కడ పాలిమరు పొర తడిని కొద్దికొద్దిగా లోపలికి రానిచ్చి, గంటల తరబడి, రోజుల తరబడి విడుదల చేయిస్తుంది. కొందరు కాటలేజ్‌ను కూడా జతచేసి పెరాక్సైడ్ పోగుపడకుండా చూస్తారు. నాకు ఈ విద్యలో అన్నిటికన్నా నచ్చింది ఆ నిదానమే. తెల్ల రక్తకణాలు సూక్ష్మజీవులను చంపడానికీ, కొత్త కండను పట్టి ఉంచే కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులు గట్టిపడడానికీ ఆక్సిజన్ ఎడతెగకుండా కావాలి, ఒక్కసారి కుమ్మరిస్తే సరిపోదు. ముందుగా మన చేతికి వచ్చేది ఇలాంటి గుళికలు కూర్చిన పలుచని కట్టే అవుతుందని నా నమ్మకం. పశువుల తోలు నుంచి తీసిన కొల్లాజెన్‌ను గాయాలకు పనికివచ్చే పొరలుగా మలిచిన కేంద్రీయ తోలు పరిశోధన సంస్థ మన అడయార్‌లోనే ఉంది కదా.

కానీ ఈ గుళికల్లో ఎక్కువ భాగం ఇంకా ప్రయోగశాలల్లో, జంతువుల మీద పరీక్షల్లోనే ఉన్నాయి. అవి రేపే వచ్చినా, కాలికి రక్తం రాకపోతే పైనుంచి అందించే ఆక్సిజన్ పుండును పూర్తిగా మాన్పలేదు. కండ కట్టడానికి కావలసిన ప్రోటీన్లు, చక్కెర, తెల్ల రక్తకణాలు, మందులు కూడా ఆ రక్తనాళాల దారినే రావాలి.

ఈ వారంలోనే మీ నాన్నగారిని రక్తనాళాల వైద్యుల దగ్గరకు తీసుకువెళ్ళండి. రెండు పాదాల్లోనూ నాడి చూడమని, చీలమండ నిష్పత్తి ఎక్కువగా వస్తే అక్కడితో ఆగక బొటనవేలి రక్తపోటును, చర్మపు ఆక్సిజన్‌ను కొలవమని అడగండి. మడమ మీద బరువు పడకుండా, పడుకున్నప్పుడు పిక్క కింద దిండు పెట్టి మడమను గాలిలో ఉంచండి. పెరాక్సైడ్ పోస్తుంటే ఆపించి, ఉప్పునీటి సెలైన్‌తో కడగమనండి. ఆయనకు అంకె ఎంత వచ్చిందో ఇక్కడే రాయండి. రక్తప్రసారం బాగుండి కూడా పుండు మానకపోతే, పీడనపు గదిలో ఆక్సిజన్ ఇచ్చే చికిత్స గురించి మాకు తెలిసినదంతా చెబుతాను.