సముద్రంలో తవ్వుతారా, దేవుతారా?

సందేహం: మా బడి దేవరకొండ దగ్గర. ఎనిమిదో తరగతి పిల్లలతో గోడపత్రిక రాయిస్తున్నాను. ఒక అమ్మాయి పేపర్లో చూసి 'సముద్రగర్భ గనుల తవ్వకం' అని శీర్షిక పెట్టింది. లోపల మాత్రం 'సముద్రం అడుగున పరుచుకొని ఉన్న ముద్దలను యంత్రం ఏరుకుంటుంది' అని రాసింది. పక్కనున్న పిల్లవాడు 'ఏరుకుంటే తవ్వకం ఎట్లయితది టీచర్?' అని అడిగాడు. నాకు జవాబు తోచలేదు. సముద్రగర్భం, సముద్రతలం, సముద్రపు అడుగు, వీటిలో ఏది సరైంది? ఆ ముద్దను ఇంగ్లిషులో నోడ్యూల్ అంటారు గదా, తెలుగులో ఏమనాలి? యంత్రం లేపే బురదకు మాటుందా? మా పిల్లలు 'తవ్వుడు' అనే రాస్తారు, దిద్దాలా?
– ఒక ఉపాధ్యాయురాలు, దేవరకొండ ప్రాంతం

సమాధానం: అమ్మా, ముందు ఆ పిల్లవాణ్ని నేను మెచ్చుకున్నానని చెప్పండి. పత్రికలు రోజూ రాస్తున్నా, మేం రోజూ చదువుతున్నా మాకు తట్టని చిక్కు వాడికి తట్టింది. వార్త రాసేవాళ్లకు టైము ఉండదు, ఆ టెన్షన్‌లో మైనింగ్ అన్న మాట కనబడగానే చెయ్యి 'గనుల తవ్వకం' అని రాసుకుంటూ పోతుంది. అక్కడ జరిగే పనేమిటో చూస్తే సరైన మాట అదే దొరుకుతుంది.

హిందూ మహాసముద్రం నడిమధ్యన ఐదు కిలోమీటర్ల లోతు. మన దగ్గర వెయ్యి ఫీట్ల బోరు వేస్తేనే అమ్మో అనుకుంటాం, అట్లాంటివి పదహారు పదిహేడు ఒకదాని కింద ఒకటి పెట్టినంత. అక్కడ వెలుతురు లేదు. మెత్తటి ఒండుమట్టి, ఆ మట్టిమీద సగం మునిగి నల్లటి ముద్దలు. ఒకదాన్ని కోసి చూస్తే నడుమ ఏ సొరచేప పన్నో, గవ్వ ముక్కో ఉంటుంది. నీళ్లలో కరిగి ఉన్న మాంగనీసు, ఇనుము, నికెల్, రాగి, కోబాల్టు దానిచుట్టూ ఉల్లిపొరల్లాగా పేరుకుంటూ వచ్చాయి. ఎంత మెల్లగా అంటే, పది లక్షల ఏండ్లకు కొన్ని మిల్లీమీటర్లు. వీటిని లోతు సముద్రాల నుంచి పైకి తెచ్చి లోకానికి చూపింది 1872–76 మధ్య ప్రపంచ సముద్రాలు చుట్టివచ్చిన చాలెంజర్ అనే ఇంగ్లిషు ఓడ.

ఇప్పుడు 'గర్భం' సంగతి. గర్భం అంటే లోపలి చోటు. గర్భగుడి అంటే గుడి లోపలిది. భూగర్భజలం అన్న మాట నల్లగొండ జిల్లాలో చదువురాని ముసలమ్మకు కూడా తెలుసు, ఫ్లోరైడు పుణ్యాన తెలియక తప్పలేదు. భూమి లోపలి నీరు అని ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. అదే లెక్కన సముద్రగర్భం అంటే సముద్రం లోపల, నీళ్ల నడుమ. జలాంతర్గామి తిరిగేది సముద్రగర్భంలో. ఈ ముద్దలు ఉన్నది అడుగున. కృష్ణా గోదావరి బేసిన్‌లో గ్యాసు తీస్తున్నారే, అది ఇంకో సంగతి: అడుగుకు బొక్క వేసి, అడుగు కింద ఉన్నదాన్ని లాగుతున్నారు. లోపల, అడుగున, అడుగు కింద. మూడూ మూడు వేరు చోట్లు. మూడింటికీ 'గర్భం' అని ఒక్క మాట వాడబట్టే మీ పిల్లవాడికి అనుమానం వచ్చింది.

'తలం' ఇంకా చిక్కు. భూతలం అంటే మనం నడిచే పైభాగం. రసాతలం అంటే కింది లోకం. తలం రెండువైపులా మొగ్గే మాట కాబట్టి సముద్రతలం అంటే పైన అలలున్న చోటు అనుకునేవాళ్లూ ఉన్నారు, కిందినేల అనుకునేవాళ్లూ ఉన్నారు. పరీక్షలో ఈ మాట వస్తే పిల్లలు సందర్భం చూసి అర్థం చేసుకోవాలి. తాము రాసేటప్పుడు మాత్రం 'సముద్రపు అడుగు' అని రాయమనండి. కుండ అడుగు, బావి అడుగు, చెరువు అడుగు, సముద్రపు అడుగు. తెలుగు తెలిసిన ఎవరూ దీన్ని తప్పుగా అర్థం చేసుకోరు.

మనకు సముద్రం లేదు గదా అని పిల్లలు అంటారేమో. సముద్రం లేకపోయినా ఆ పేరు మనకు కొత్త కాదు. పానగల్లు చెరువు పేరు ఉదయసముద్రం. వనపర్తి సంస్థానంలో చెరువులకు సప్తసముద్రాలని పేరు, శ్రీరంగాపురం గుడి పక్కనున్నది రంగసముద్రం. మీ ఊరివాళ్లు 'సాగర్ పోతున్న' అంటే నాగార్జునసాగర్ కట్టకే గాని వైజాగు తీరానికి కాదు. అంత పెద్ద పేరు పెట్టిన చెరువుకు అడుగు నేలను ఏమంటాం? శికం. నిండినప్పుడు నీళ్లకింద పోయే భూమి, ఎండినప్పుడు బయటపడే భూమి. రెవెన్యూ కాగితాల్లో కూడా అదే రాస్తారు. సముద్రానికి శికం అని నేను రాయమనను, ఆ మాట చెరువుది. కాని క్లాసులో చెప్పేటప్పుడు 'ఆ ముద్దలు సముద్రపు శికంలో ఉన్నాయి' అనండి, గర్భం అన్న మాట చేయలేని పని ఒక్క క్షణంలో అయిపోతుంది.

నోడ్యూల్‌కు పుస్తకాల్లో గుళిక, గ్రంథి, కణిక అని రకరకాలుగా కనబడుతుంది. గుళిక అంటే మందుబిళ్ల గుర్తొస్తుంది. కణిక మరీ చిన్నది. వీటి సైజు గురించి రాసేవాళ్లంతా ఆలుగడ్డతో పోలుస్తారు. జవాబు అందులోనే ఉంది: గడ్డ. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, ఆలుగడ్డ, మట్టిగడ్డ, మంచుగడ్డ. గొంతు దగ్గర థైరాయిడ్ నోడ్యూల్ వస్తే డాక్టరు ఇంగ్లిషులో చెప్పినా, ఇంటికొచ్చి మనం 'గడ్డ అయింది' అనే చెప్పుకుంటాం. కాబట్టి 'లోహపు గడ్డలు' అని నిర్భయంగా రాయించండి. అన్ని లోహాలున్నాయని చెప్పాలనుకుంటే 'పలు లోహాల గడ్డలు' అనండి.

గని, ఖనిజం మాటలను ఏం చేయాలి? ఖని అన్న సంస్కృత పదానికి మూలం తవ్వడం. గని అంటే తవ్వినచోటు, ఖనిజం అంటే అక్కడ పుట్టింది. ఈ గడ్డలు తవ్వితే వచ్చినవి కావు, నీళ్లలోంచి పేరుకున్నవి. అయినా ఖనిజం అన్న మాట ఏనాడో పుట్టుకను దాటి విస్తరించింది, దాన్ని కదిలించవద్దు. పైగా మన పాతవాళ్లు సముద్రాన్ని రత్నాకరం అన్నారు. ఆకరం అంటే గనే. అమరకోశంలో ఖనికి ఆకరం పర్యాయపదం, సముద్రం పేర్లలో రత్నాకరం ఒకటి. సముద్రాన్ని గని అనడం కొత్త కాదు. 'తవ్వకం' అనడంతోనే నాకు పేచీ.

మీ పిల్లవాడు చెప్పిన 'ఏరడం' దగ్గరిదే. పల్లి చేన్లో కాయ పీకినంక నేలలో మిగిలినవి ఏరుకున్నట్టు. కాని ఏరడం అనేది మరీ సున్నితమైన పని. వంగి, చూసి, ఒక్కొక్కటి తీసేది. సముద్రం అడుగున యంత్రం అట్లా తీయదు. గొలుసు చక్రాలమీద పాకుతూ, గడ్డలతో పాటు పైపైన కొన్ని సెంటీమీటర్ల మందం మట్టిని, ఆ మట్టిలో బతికే పురుగూ పుట్రనూ గీకి లోపలికి పీల్చుకుంటుంది, గొట్టంలోంచి పైనున్న ఓడకు తోడుతుంది. తవ్వకం అంటే అబద్ధం, ఏరడం అంటే సగం నిజం.

నా చిన్నతనంలో మా అమ్మమ్మ ఊర్లో చేదబావిలో బొక్కెన తెగిపడితే పాతాళగరిగె కోసం ఉరికేవాళ్లం. ఊరంతటికీ ఒక్క ఇంట్లోనే ఉండేది. ఇనుప కడియం, దానిచుట్టూ పది పన్నెండు కొక్కేలు. తీసుకుపోయేవాళ్లు చెంబో గిన్నెనో కుదువపెట్టి పోవాలి. దాన్ని చేంతాడుకు కట్టి, అడుగు దాకా వదిలి, తాడును మెల్లగా తిప్పుతూ మా అమ్మమ్మ చేతితోనే వినేది. బురదకు తగిలితే తాడు జారినట్టుండేది, ఇనుముకు తగిలితే చిన్నగా అదిరేది. ఆ పనికి ఆమె వాడిన మాట 'దేవడం'. 'రెండు గడియలు దేవితే దొరికింది' అనేది. నీళ్లకింద కనబడనిదాన్ని అడుగునుంచి తడిమి పైకి తేవడం. ఐదు కిలోమీటర్ల లోతున జరిగే పనికి ఇంతకంటె సరిపడే మాట నాకు కనబడలేదు.

దాని చుట్టమే మన 'దేవులాడుడు'. పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో వెతకడం అనరు, దేవులాడుడు అంటారు. ఈ రెండు మాటల మధ్య తేడా సముద్రం వార్తలకు చాలా అవసరం. అన్వేషణ వేరు, వెలికితీత వేరు. మీ లంబాపూర్, పెద్దగట్టు జనానికి ఈ తేడా చెప్పనక్కర్లేదు. యురేనియం కోసం బోర్లు వేయడం ఎక్కడ ఆగుతుంది, తవ్వడం ఎక్కడ మొదలవుతుంది అని ఏండ్లుగా అడుగుతున్నవాళ్లు వాళ్లు. నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని 2019 సెప్టెంబరులో శాసనసభ తీర్మానం కూడా చేసింది.

సముద్రంలో మన దేశానికి ఉన్నది దేవులాటకు అనుమతి. 1987లో ప్రపంచంలోనే మొదటగా మనకు ఈ హక్కు నమోదైంది. 2002లో, ఏ దేశానికీ చెందని సముద్రపు అడుగు సంగతులు చూసే అంతర్జాతీయ సీబెడ్ అథారిటీతో ఒప్పందం కుదిరింది. ఈ గడ్డల కోసం ఇప్పుడు మన చేతిలో ఉన్నది 75,000 చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణలో మూడింట రెండు వంతులంత చోటు. అక్కడ 38 కోట్ల టన్నుల గడ్డలున్నాయని ప్రభుత్వ అంచనా. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ 2021లో 5,270 మీటర్ల లోతున ఒక యంత్రాన్ని నడిపించి చూసింది. దానిపేరు వరాహ. రసాతలం నుంచి భూమిని పైకెత్తిన అవతారం పేరు. ముగ్గురు మనుషులు కూర్చొని 6,000 మీటర్లు దిగడానికి తయారవుతున్న వాహనం పేరు మత్స్య. పేర్లు బాగా కుదిరాయి. కాని 'భారత్ సముద్ర గనుల తవ్వకం' అని ఎక్కడైనా చదివితే, అది దేవులాటా, దేవడమా అని పిల్లలు అడగాలి.

గడ్డలు కాక ఇంకో రెండు రకాలున్నాయి. సముద్రపు కొండలకు అట్టకట్టిన కోబాల్టు పొరను 'పెచ్చు' అనవచ్చు, దాన్ని చెక్కాలి. అడుగున వేడినీళ్ల ఊటల దగ్గర పేరుకున్న గంధకపు ఖనిజాలను మాత్రం నిజంగానే పగలగొట్టి తవ్వాలి. అక్కడ తవ్వకం అన్న మాట న్యాయమే.

నిల్వలు అనాలా, నిక్షేపాలు అనాలా అని మీరు అడగలేదు గాని, చెప్పకుండా ఉండలేను. మన పాత భూమి దస్తావేజుల్లో 'నిధి నిక్షేప జల తరు పాషాణ' అని వరుసగా వస్తుంది. భూమి అమ్మితే దానిలోని నిక్షేపాలమీద హక్కు కూడా పోతుందని. సముద్రం నడుమ భూమి ఎవరి పేరున ఉంది? 1982 నాటి సముద్ర చట్టం దాన్ని మానవజాతి ఉమ్మడి వారసత్వం అన్నది. ఉమ్మడి అన్న మాట బరువు మనకు తెలుసు. ఉమ్మడి బావిలో ఒక్క పాలివాడు మోటారు పెట్టినా మిగిలినవాళ్లు ఒప్పుకోవాలి. జమైకాలోని కింగ్‌స్టన్‌లో ఉన్న ఆ అథారిటీలో దేశాలు ఏండ్లతరబడి కూర్చొని మాట్లాడుకుంటున్నది ఈ పంచాయితీయే.

తవ్వుడు తప్పు కాదు. చేయుట గ్రంథాల్లోది, చేయడం పత్రికల్లోది, చేసుడు మన ఇండ్లలోది. వ్యాకరణం మూడింటికీ ఒకటే. తవ్వుడు అంటే ఆ చేతిపని. తవ్వకం అన్నది అమ్మకం, పెంపకం లాగా ఒక వ్యాపకం పేరు. 'మా నాయిన బావి తవ్వుడుకు పోయిండు' అని పాలమూరు పిల్లవాడు రాస్తే ఎర్రపెన్ను పెట్టకండి. ఒక్కచోట మాత్రం జాగ్రత్త: దేవుకు ఉడు చేరిస్తే దేవుడు అయిపోతుంది. అందుకే దేవడం అనే రాయించండి.

ఇక యంత్రం లేపే బురద. దానికి ఇంగ్లిషువాళ్లు వాడే మాటను కొందరు 'అవక్షేప మేఘం' అని తర్జుమా చేస్తున్నారు. మనకు 'కలక' ఉంది. కండ్లకలక లోని కలక. కొత్తనీరు వచ్చిన వాగుకు కలక. పాతాళగరిగెతో దేవిననాడు మా అమ్మమ్మ ఆ బావి నీళ్లు తాగనిచ్చేది కాదు. 'తేరుకోనీ' అనేది. తెల్లారేసరికి అడుగుకు దిగి పైన తేటనీరు వచ్చేది. పెరూ తీరానికి దూరంగా, నాలుగు కిలోమీటర్ల లోతున, 1989లో జర్మన్ శాస్త్రవేత్తలు గుంటుకలాంటి పనిముట్టుతో సముద్రపు అడుగును దున్ని వదిలారు, ఎప్పుడు తేరుకుంటుందో చూద్దామని. 26 ఏండ్లకు మళ్లీ పోతే ఆ సాళ్లు నిన్న దున్నినట్టే ఉన్నాయి. గోడపత్రికలో ఆ అమ్మాయిని ఈ ముచ్చట కూడా రాయమనండి. కలక, తేరుకోవడం అన్న రెండు మాటలు చాలు దానికి.

పాతాళగరిగెను మక్తల్, నారాయణపేట వైపు ఇంకో పేరుతో పిలుస్తారేమో. మీ పిల్లల ఇండ్లలో తాతలను, అవ్వలను అడిగించి, తెలిస్తే ఒక కార్డు ముక్క రాయండి.