లింక్ నొక్కకపోయినా ఫోన్ హ్యాక్ అవుతుందా?

ప్రశ్న: తెలియని లింకుల జోలికి పోను. ఏ యాప్ పడితే ఆ యాప్ వేసుకోను. అయినా, మనం ఏమీ నొక్కకుండానే ఫోన్‌లోకి చొరబడతారట. అదెలా?

జవాబు: మీరు మెసేజ్ చూడకముందే ఫోన్ దాన్ని చదివేస్తుంది. నోటిఫికేషన్‌లో చిన్న బొమ్మ చూపాలన్నా, కాల్ మోగాలన్నా, వచ్చిన డేటాను ఏదో ఒక ప్రోగ్రాం విప్పాల్సిందే. ఆ ప్రోగ్రాంలో లోపముంటే, దానికి సరిగ్గా సరిపోయేలా తయారుచేసిన ఫైలు చేరడమే చాలు. దీన్నే జీరో క్లిక్ దాడి అంటారు. 2019లో వాట్సాప్ కాల్ లోపంతో సుమారు 1,400 మందిని గురిపెట్టారు. వాళ్లు కాల్ ఎత్తాల్సిన పని కూడా లేకపోయింది.

2021లో బయటపడ్డ ‘ఫోర్స్‌డ్‌ఎంట్రీ’ అనే దాడి చూడండి. ఐఫోన్ మెసేజింగ్ యాప్ ఐమెసేజ్‌లో జిఫ్ (కదిలే బొమ్మ) పేరుతో వచ్చిన ఫైలు నిజానికి పీడీఎఫ్. లోపల ఉన్నది జేబిగ్2 అనే పాతకాలపు ఫార్మాట్‌లోని బొమ్మ. దాన్ని విప్పే కోడ్‌లో ఒక కూడిక పరిమితి దాటి, అసలు కంటే చిన్న అంకె వచ్చింది. దాంతో కేటాయించిన జాగా చాలక, డేటా పక్క మెమరీలోకి పొర్లింది. ఆ సందులోంచి 70,000కు పైగా ఆదేశాలతో ఒక బుల్లి కంప్యూటర్‌నే కట్టి, ఫోన్‌పై నిఘా పెట్టే పెగాసస్ అనే స్పైవేర్‌కు దారి చేశారు. ఆపిల్ ఐఓఎస్ 14.8తో ఆ దారి మూసింది.

అందుకే అప్‌డేట్‌ను మించిన మందు లేదు. వచ్చిన రోజే వేసుకోండి. మరమ్మతు విడుదలైందంటే లోపం ఎక్కడుందో అందరికీ తెలిసినట్టే. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ చూడండి. కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన ఫోన్‌ను ఏ యాంటీవైరస్ యాప్ కూడా కాపాడలేదు. ఎస్ఎంఎస్ యాప్‌లో ఎంఎంఎస్ ఆటో డౌన్‌లోడ్ ఆపేయండి. వాట్సాప్ ప్రైవసీలో గ్రూపుల్లో చేర్చే వీలు ‘మై కాంటాక్ట్స్’కే ఇవ్వండి, తెలియని కాల్స్‌ను సైలెంట్‌లో పెట్టండి.

పాత్రికేయులు, న్యాయవాదులు, హక్కుల కార్యకర్తలు ఐఫోన్ వాడుతుంటే లాక్‌డౌన్ మోడ్ పెట్టుకోవాలి. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ అడుగున ఉంటుంది. పెట్టాక చాలా రకాల అటాచ్‌మెంట్లు రావు, లింక్ ప్రివ్యూలు కనబడవు, కొన్ని వెబ్‌సైట్లు నెమ్మదిస్తాయి. ఈ ఇబ్బంది భరించదగ్గదే.

ప్రశ్న: రోజూ రీస్టార్ట్ చేస్తే పోతుందా? అనుమానం వస్తే రీసెట్ కొట్టేయాలా?

జవాబు: కొన్ని పోతాయి. 2023లో సైబర్ భద్రతా కంపెనీ కాస్పర్‌స్కీ బయటపెట్టిన ‘ట్రయాంగ్యులేషన్’ అనే ఐఫోన్ స్పైవేర్ రీస్టార్ట్‌తో తుడిచిపెట్టుకుపోయేది. కానీ అదే లోపం ద్వారా మళ్లీ ఎక్కించేవారు. కాబట్టి రీస్టార్ట్ చేయండి, దాన్నే నమ్ముకోకండి.

రీసెట్ మాత్రం తొందరపడి చేయొద్దు, ఆధారాలు చెరిగిపోతాయి. బ్యాటరీ త్వరగా అయిపోవడం, వేడెక్కడం హ్యాక్‌కు నమ్మదగ్గ గుర్తులు కావు. ఇలాంటి స్పైవేర్ చాలావరకు ఏ జాడా చూపదు. ఆపిల్ నుంచి హెచ్చరిక వస్తే, అందులో లింక్ ఉన్నా నొక్కకుండా మీ ఆపిల్ ఖాతా పేజీలోకి మీరే వెళ్లి లాగిన్ అవ్వండి. నిజమైన హెచ్చరికైతే పేజీ పైభాగంలోనే కనిపిస్తుంది. అప్పుడు వేరే ఫోన్ నుంచి ‘యాక్సెస్ నౌ’ అనే డిజిటల్ హక్కుల సంస్థ నడిపే డిజిటల్ సెక్యూరిటీ హెల్ప్‌లైన్‌ను సంప్రదించండి.