కొత్త లాన్‌కు ఎరువెంత? కోత ఎప్పుడు?

కోవూరు నుంచి వచ్చి నార్త్ కరోలినాలో ఇల్లు కొనుక్కున్న తమ్ముడి సందేహం: "అన్నా, సెప్టెంబరులో లాన్ కోసం ఫెస్క్యూ గడ్డి గింజలు చల్లాను. మొలక బాగానే వచ్చింది. ఒక బస్తా ఎరువు వేసేయమంటారా? జానెడు పెరిగేదాకా గడ్డి కోసే మోవర్ తీయవద్దని పక్కింటివారు చెబుతున్నారు, నిజమేనా?"

తమ్ముడూ, రెండూ వద్దు. పెన్నా కాలువల కింద వరి పండించిన ఇళ్లలో పుట్టినవాళ్లం, యూరియా దగ్గర మన చెయ్యి ఆగదు. ఇక్కడ ఆపాలి. సంచి మీద మూడు అంకెలు చూడు. డీఏపీ మీద 18-46-0 ఉంటుందే, అదే లెక్క: నత్రజని, భాస్వరం, పొటాష్ ఎంత శాతం ఉన్నాయో చెబుతాయి. వెయ్యి చదరపు అడుగులకు ఒక విడతలో ఒక పౌండు నత్రజని మించకూడదు. మొదటి అంకె 20 అయితే ఐదు పౌండ్ల ఎరువు వేస్తే చాలు. లేత గడ్డికి అందులో సగం వేసినా నష్టం లేదు. విత్తేటప్పుడు స్టార్టర్ ఎరువు (మొలకకు మొదట్లో వేసేది) వేసి ఉంటే, మొలకెత్తిన నాలుగు నుంచి ఆరు వారాలకు పైపాటు వెయ్యి. తడి ఆకుకు గుళికలు అంటుకుంటే మాడిపోతుంది, పొడిగా ఉన్నప్పుడు చల్లి వెంటనే నీళ్లు పెట్టు. డ్రైవ్‌వే మీద పడ్డవి గడ్డిలోకి ఊడ్చెయ్యి. భాస్వరం అవసరమో కాదో భూసార పరీక్షే చెబుతుంది. మీ రాష్ట్ర వ్యవసాయ శాఖ ఏప్రిల్ నుంచి నవంబరు దాకా ఉచితంగా చేస్తుంది, బద్ధకించకు.

ఇక కోత. జానెడు పెంచి ఒక్కసారిగా గొరిగితే వేరు ఎదగడం ఆగిపోతుంది. ఏ కోతలోనూ మూడో వంతుకు మించి తీయకూడదు. ఫెస్క్యూను మూడు అంగుళాల ఎత్తున ఉంచాలి కాబట్టి నాలుగున్నరకు రాగానే మోవర్ తియ్యి. ముందు నాలుగు పోచలు పట్టి మెల్లగా లాగి చూడు. వేరుతో సహా చేతికి వచ్చేస్తే ఇంకా ఆగు. నేల ఆరి ఉండాలి, లేకపోతే చక్రాలు దిగబడతాయి. బ్లేడు సాన పట్టించు. మొద్దు బ్లేడు గడ్డిని కోయదు, పీకుతుంది. సమయానికి తల తెగిన ఫెస్క్యూ పిలకలు పెట్టి ఒత్తుగా అవుతుంది. కోసిన తుక్కు అక్కడే వదిలెయ్యి, అందులోని నత్రజని మళ్లీ నేలకే చేరుతుంది.

కలుపు మందు కలిపిన ఎరువు సంచులు దుకాణంలో కంటికి ఎదురుగానే పెడతారు. మూడు నాలుగు కోతలు అయ్యేదాకా వాటి జోలికి పోకు. అందాకా కలుపు చేత్తోనే తియ్యి. మీ నాన్నగారు వస్తున్నారన్నావు కదా, ఆ పని నువ్వు చెప్పకముందే ఆయనే మొదలుపెడతారు.