తమ్ముడి జిప్పు సంగతి సరే, అక్క చేతుల మాటేమిటి?

ప్రశ్న: మేము మంచు విపరీతంగా కురిసే ఊళ్లో ఉంటున్నాము. అమ్మాయికి పదేళ్లు, అబ్బాయికి అయిదేళ్లు. చలికాలం వచ్చిందంటే బడికి తయారుచేసే గంట నరకంలా ఉంటోంది. స్నో ప్యాంటు, బూట్లు, జాకెట్, టోపీ, చేతి తొడుగులు అన్నీ వేశాక వాడు బాత్రూమ్ అంటాడు, లేదా నేల మీద పడి దొర్లుతాడు. మావారు కారు వేడెక్కిస్తానని బయటికి వెళ్లి హారన్ కొడుతూ కూర్చుంటారు. పోయిన వారం ఓపిక నశించి వాడి వీపు మీద ఒక్కటి వేశాను, ఆ రోజంతా ఆఫీసులో ఏడుస్తూనే ఉన్నాను. పెద్దదానితో ఏ బాధా లేదు, తన పని తను చూసుకుని తమ్ముడికి బూట్లు కూడా తొడుగుతుంది. మొన్న వాడి తొడుగులు కనబడకపోతే తనవి ఇచ్చేసింది. సాయంత్రం దాని వేళ్లు ఎర్రగా కంది ఉంటే, తొడుగులు ఎక్కడ పారేశావని కేకలేశాక ఆ సంగతి తెలిసింది. వాడి మనసు నొప్పించకుండా దారికి తెచ్చుకోవడం ఎలా?

జవాబు: మీరు అడిగినదానికి జవాబు చిన్నది కాబట్టి ముందు అది చెప్పేస్తాను. బాత్రూముకు వెళ్లివచ్చాకే స్నో ప్యాంటు. ఆ తరవాత బూట్లు, జాకెట్, టోపీ, అన్నిటికన్నా చివర తొడుగులు. ఈ వరస ఏ రోజూ తప్పకూడదు, తొడుగులు వేసుకున్న చేతులు జిప్పు లాగలేవు కదా. రాత్రి పడుకునే ముందు వాడి చేతనే అన్నీ తలుపు దగ్గర అదే వరసలో పెట్టించండి. జాకెట్‌ను లోపలి వైపు పైకి వచ్చేలా నేల మీద పరిచి, మెడపట్టీ దగ్గర నిలబడి, చేతులు దూర్చి తల మీదుగా వెనక్కి వేసుకోవడం నాలుగేళ్ల పిల్లలకు కూడా చేతనవుతుంది. జిప్పు కొస ఎక్కించడం మీరు చేయండి, పైకి లాగడం వాడికి వదిలేయండి. కొట్టడం తప్పే. ఆ మాట వాడితో ఒకసారి అని, మళ్లీ చెయ్యి ఎత్తకండి. వాడి విషయం ఇంతటితో అయిపోయింది.

మీ ఉత్తరంలో నేను ముందుకు కదలలేక ఆగిపోయిన చోటు వేరే ఉంది. కొడుకు మీద ఒక్క దెబ్బ పడినందుకు రోజంతా ఏడ్చిన మీరు, ఏ తప్పూ లేని కూతురిని కేకలేసిన సంగతిని మాత్రం ఒక్క వాక్యంలో దాటేశారు. ఆ తరవాత దాన్ని దగ్గరికి తీసుకున్నారా, పొరపాటు పడ్డానని చెప్పారా, కనీసం ఆ వేళ్లు పట్టుకుని చూశారా? రాయలేదు. రాయలేదంటే జరగలేదనే నేను అనుకుంటున్నాను, నా అంచనా తప్పయితే సంతోషిస్తాను.

ఇంకొక మాట గమనించాను. ఆ సంగతి మీకు 'తెలిసింది' అని రాశారు. ఆ పిల్ల తనంతట తాను నోరు విప్పి ఉంటే 'చెప్పింది' అని రాసేవారు. బహుశా తమ్ముడు చెప్పి ఉంటాడు. అంటే అమ్మ ముందు నిలబడి, చేయని తప్పుకు తిట్లు తింటూ కూడా అది నోరెత్తలేదు. పొద్దున్న బయట హారన్ మోగుతుండగా, లోపల మీరు అరుస్తుండగా, ఈ గొడవ ఇంకెంత పెరుగుతుందో పదేళ్ల పిల్ల లెక్క వేసుకుంది, తన తొడుగులు విప్పి ఇస్తే ఆగిపోతుందని తేల్చుకుంది. మీరు దాన్ని 'ఏ బాధా లేని పిల్ల' అంటున్నారు. నాకైతే ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువ బాధపడుతున్నది అదేననిపిస్తోంది.

వేళ్లు ఎర్రబడటాన్ని కూడా తేలికగా తీసుకోకండి. గాలి విసురుతో కలిపి చలి మైనస్ 28 డిగ్రీల సెల్సియస్‌కు దిగితే, ఏ ఆచ్ఛాదనా లేని చర్మం 10 నుంచి 30 నిమిషాల్లోనే గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఎరుపు పోయి వేళ్లు పాలిపోయి, స్పర్శ తెలియకుండా పోతే అది మరీ ప్రమాదం. అప్పుడు రుద్దకూడదు, గోరువెచ్చని నీటిలో ఉంచి వైద్యుడికి చూపించాలి.

పెద్దపిల్ల ఇంట్లో సాయం చేయకూడదని నేను అనను. పిల్లలకు పని చెప్పకుండా పెంచడం నాకు నచ్చదు కూడా. కానీ తమ్ముడికి బూట్లు తొడగమని ఆ పిల్లకు మీరు ఎప్పుడైనా చెప్పారా, లేక అది చేస్తోంది కదా అని ఊరుకున్నారా? అయిదేళ్ల వయసులో దాని బూట్లు ఎవరు తొడిగారో గుర్తు చేసుకోండి. తనే తొడుక్కుని ఉంటే, అదే వయసులో కొడుక్కి మాత్రం ఆ మినహాయింపు ఎందుకు ఇచ్చారో మీకు మీరే జవాబు చెప్పుకోవాలి. ఆ జవాబు నాకు రాయనక్కర్లేదు.

మీవారి సంగతి ఒకటుంది. కారు వేడెక్కించడం పనే కానీ, హారన్ కొట్టడం పని కాదు. బండి స్టార్ట్ చేసేముందు వెనకాల పొగగొట్టానికి మంచు అడ్డుపడి ఉందేమో చూడమనండి, మూసిన గ్యారేజీలో ఇంజిన్ నడపవద్దనండి, ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాలు తీస్తుంది. ఇంకొక సంగతి, పిల్లల సీటు బెల్టు కింద దళసరి జాకెట్ ఉండకూడదు. గుద్దుకున్నప్పుడు అందులోని దూది నొక్కుకుపోయి బెల్టు వదులవుతుంది. కారులో జాకెట్ విప్పి పలుచటి స్వెటర్‌తో కూర్చోబెట్టి, బెల్టు బిగించాక ఆ జాకెట్‌నే పైన దుప్పటిలా కప్పాలి. బడి దగ్గర దిగాక దాన్ని మళ్లీ తొడిగి జిప్పు పెట్టించేది కారు నడిపినవారే. ఆ విధంగా గుమ్మం దగ్గర మీరు పడే యాతనలో సగం ఆయన వాటాకు వెళ్తుంది, వెళ్లాలి కూడా.

ఈ రాత్రి తమ్ముడు నిద్రపోయాక అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, 'ఆ రోజు తప్పు నాది' అని చెప్పండి. కారణాలు ఏకరువు పెట్టకండి, 'నువ్వు బంగారుతల్లివి' అని పొగడకండి, ఆ పొగడ్తతోనే మీరు దాన్ని ఇంతవరకు తెచ్చారు. అది 'పర్లేదమ్మా' అంటుంది. 'పర్లేదు కాదు' అనండి. తొడుగులు మరొక జత కొనండి, వేళ్లన్నీ ఒకే సంచిలో ఉండే రకమైతే మరింత వెచ్చగా ఉంటాయి. ఆ అదనపు జతను అబ్బాయి పుస్తకాల సంచిలో వాడి చేతనే పెట్టించండి.