ఉద్యోగం సరిహద్దు అవతల, కుటుంబం ఇవతల: వైద్యం ఎక్కడ?

ప్రశ్న: అమ్మా, మాది విజయవాడ అజిత్‌సింగ్ నగర్. మా వారు ఖమ్మంలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీ ఆఫీసులో గుమస్తా. సీజన్ టికెట్ మీద రోజూ రైల్లో వెళ్లొస్తారు. జీతం 19,200 రూపాయలు, ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) కట్ అవుతుంది. పోయిన నెల బాబుకు జ్వరమొస్తే ఇక్కడి డిస్పెన్సరీకి తీసుకెళ్లాను. కంప్యూటర్‌లో చూసి, ‘మీ కుటుంబం ఖమ్మంలో ఉన్నట్టు ఉంది, అక్కడే చూపించుకోండి’ అన్నారు. చివరికి ప్రైవేటులో చూపించాం. మా అత్తగారికి 71 ఏళ్లు, షుగరు ఉంది. ఆవిడకు కూడా ఈఎస్ఐ వర్తిస్తుందా? తెలంగాణలో రేషన్ కార్డు తీసుకుంటే అక్కడి ఆరోగ్యశ్రీ వస్తుందని రైల్లో తోటివాళ్లు మా వారికి చెబుతున్నారు. పైగా వచ్చే ఏడాది జీతం 21 వేలు దాటేలా ఉంది. అప్పుడు ఈఎస్ఐ పోతుందట. ఏం చేయాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
– ఒక గృహిణి, విజయవాడ

జవాబు: ముందుగా ఒక మాట, అమ్మా. మీ వారి జీతంలోంచి నెలనెలా 0.75 శాతం, అంటే 144 రూపాయలు ఈఎస్ఐకి వెళ్తున్నాయి. దానికి యజమాని 3.25 శాతం, అంటే 624 రూపాయలు కలపాలి. ఈఎస్ఐ కేంద్ర చట్టం కింద నడిచేది. డబ్బు ఖమ్మంలో కట్టారు కాబట్టి వైద్యం ఖమ్మంలోనే అనే నియమం అందులో లేదు. మీ వారికి ఉద్యోగం ఎక్కడున్నా, మీరూ బాబూ ఉంటున్న ఊళ్లోనే చూపించుకునే హక్కు మీకుంది. డిస్పెన్సరీకి మీరు దయ అడగడానికి వెళ్లలేదు. అక్కడ తల వంచుకుని నిలబడాల్సిన అవసరం లేదు.

మరి ఎందుకు తిప్పి పంపారంటే, రికార్డు తప్పుగా ఉంది. ఉద్యోగంలో చేరినప్పుడు నింపే డిక్లరేషన్ ఫారంలో కుటుంబ సభ్యుల పేర్ల పక్కన ‘ఉద్యోగితో కలిసి ఉంటున్నారా?’ అనే గడి ఉంటుంది. లేకపోతే ఏ ఊళ్లో, ఏ రాష్ట్రంలో ఉంటున్నారో రాయాలి. నేను ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను. ఆ గడిని ఫ్యాక్టరీ ఆఫీసుల్లో ఎంత తేలిగ్గా నింపేస్తారో నాకు బాగా తెలుసు. ఉద్యోగి చిరునామా దగ్గర ఫ్యాక్టరీ ఉన్న ఊరు వేస్తారు, కుటుంబం దగ్గర ‘అవును’ అని కొడతారు. డిస్పెన్సరీ కూడా ఫ్యాక్టరీకి దగ్గరలోనిదే ఎంచేస్తారు. మీ విషయంలోనూ ఇదే జరిగి ఉంటుంది.

దీన్ని ఈ వారంలోనే సరిచేయించండి. మీ వారిని ఇన్సూరెన్స్ నంబరుతో ఈఎస్ఐ పోర్టల్‌లోకి వెళ్లి వివరాలు చూడమనండి. ఉద్యోగికి ఒక డిస్పెన్సరీ, కుటుంబానికి వేరే డిస్పెన్సరీ పెట్టుకునే వీలుంది. కుటుంబానికి విజయవాడలోది ఎంచుకోండి. మీ వారు రోజూ ఇంటికి వస్తున్నారు కాబట్టి ఆయనకు కూడా విజయవాడే నయం. పోర్టల్‌లో మారకపోతే ఫ్యాక్టరీ ఆఫీసు ద్వారా పంపించాలి, లేదా ఆధార్, ఇంటి చిరునామా రుజువు పట్టుకుని బ్రాంచి ఆఫీసుకు వెళ్లాలి. మార్పు అయ్యాక కొత్త ఈ-పెహచాన్ కార్డు (ఈఎస్ఐ గుర్తింపు కార్డు) ప్రింటు తీసుకుని, అందరి పేర్లు, పుట్టిన తేదీలు ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయో లేదో సరిచూసుకోండి. ఒక్క అక్షరం తేడాతో ఆగిపోయిన కేసులు చాలా చూశాను. ఆ తర్వాత జ్వరాలకు, షుగరు మందులకు డిస్పెన్సరీకి వెళ్లండి. అక్కడ కుదరనిది గుణదల ఈఎస్ఐ ఆస్పత్రికి రాస్తారు. అక్కడా లేని వైద్యమైతే ఒప్పందం ఉన్న ప్రైవేటు ఆస్పత్రికి రెఫర్ చేస్తారు. ఏదైనా అడ్డం వస్తే 1800-11-2526కు ఫోన్ చేయండి. ఈఎస్ఐ టోల్ ఫ్రీ నంబరు అది.

మీరు అడగకపోయినా చెప్పాల్సిన సంగతి ఒకటుంది. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. ఇంటి నుంచి పనికి వెళ్లేటప్పుడు, పని నుంచి ఇంటికి వచ్చేటప్పుడు జరిగే ప్రమాదాన్ని కూడా ఉద్యోగంలో జరిగిన ప్రమాదంగానే చూడాలని 2010 జూన్ 1 నుంచి ఈఎస్ఐ చట్టంలో చేర్చారు. కొత్త సామాజిక భద్రతా కోడ్‌లోనూ అది ఉంది. అయితే ఆ ప్రయాణానికీ, సమయానికీ, ఉద్యోగానికీ సంబంధం ఉన్నట్టు తేలాలి. ఖమ్మం నుంచి రాత్రి బండిలో వస్తూ ఎర్రుపాలెం దగ్గరో కొండపల్లి దగ్గరో మనిషికి ఏమైనా అయితే, రికార్డులో ఇల్లు ఖమ్మంలో ఉందనుకోండి. ‘ఖమ్మంలో ఉండే మనిషి రాత్రిపూట విజయవాడ వైపు ఎందుకు వెళ్తున్నట్టు?’ అన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్నకు ఆస్పత్రిలో పడుకున్న మనిషో, ఏడుస్తున్న భార్యో జవాబు వెతుక్కోవాల్సి వస్తుంది. గాయం వల్ల పనికి వెళ్లలేని రోజులకు వేతనంలో 90 శాతం లెక్కన ఇచ్చే భృతి, జరగకూడనిది జరిగితే కుటుంబానికి నెలనెలా వచ్చే పింఛను, అన్నీ ఆ ఒక్క చిరునామాతో ముడిపడి ఉంటాయి. అందుకే అడ్రసు సరిచేయడం డిస్పెన్సరీ కోసమే అనుకోవద్దు. సీజన్ టికెట్లు గడువు తీరాక పారేయకుండా దాచమనండి. ఫ్యాక్టరీ హాజరు పట్టీలో వచ్చిన వేళ, వెళ్లిన వేళ నమోదయ్యేలా చూసుకోమనండి. ప్రమాదం జరిగితే యజమాని వెంటనే యాక్సిడెంట్ రిపోర్టు పంపాలి. మొహమాటపడకుండా అడిగి పంపించుకోవాలి.

మీ అత్తగారి సంగతి. కొడుకు మీద ఆధారపడిన తల్లి కుటుంబంలో భాగమే. అన్ని రకాలుగా వచ్చే ఆదాయం కలిపి నెలకు 9,000 రూపాయలు మించకూడదు, అంతే. ఆవిడకు ప్రభుత్వం ఇచ్చే 4,000 రూపాయల పింఛను ఒక్కటే వస్తుంటే ఏ ఇబ్బందీ లేదు, పేరు చేర్పించండి. దీనితోపాటు ఆవిడకు 70 దాటాయి కాబట్టి ఆయుష్మాన్ వయ వందన కార్డు కూడా తీయించండి. 2024 అక్టోబరులో మొదలైన ఈ పథకానికి ఆదాయంతో పనిలేదు, ఆధార్‌లో ఉన్న వయసు చాలు. ఈఎస్ఐ ఉన్నవాళ్లు కూడా తీసుకోవచ్చు. పథకంలో ఉన్న ఆస్పత్రుల్లో ఏడాదికి 5 లక్షల దాకా చికిత్స ఉంటుంది, వేరే రాష్ట్రంలోనైనా చేయించుకోవచ్చు.

తెలంగాణ రేషన్ కార్డు ఆలోచన మాత్రం మానుకోండి. ఆరోగ్యశ్రీ 2007లో ఉమ్మడి రాష్ట్రంలో పుట్టినా, ఇప్పుడు ఏ రాష్ట్రం పథకం ఆ రాష్ట్రంలో నివాసం ఉండేవాళ్లకే. లేని చిరునామాతో కార్డు తీసుకుంటే అది దొరికిన రోజు ఉన్న కార్డుకూ ముప్పు. సలహా ఇచ్చినవాళ్లు మంచి మనసుతోనే చెప్పి ఉంటారు, కానీ నష్టం మీ ఇంటికి.

ఇక 21 వేల పరిమితి. జీతం పెరిగిన మరునాడే ఈఎస్ఐ తీసేయరు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు ఒక చందా కాలం, అక్టోబరు నుంచి మార్చి ఇంకొకటి. మధ్యలో జీతం పరిమితి దాటినా ఆ చందా కాలం చివరిదాకా కోత సాగుతుంది, దానికి తగిన వైద్యమూ ఉంటుంది. ఓవర్‌టైమ్ డబ్బును ఈ పరిమితి లెక్కలో కలపకూడదు. ఓవర్‌టైమ్ వల్ల 21 వేలు దాటిందని ఎవరైనా ఈఎస్ఐ ఆపేస్తే ప్రశ్నించండి. అయినా ఒకనాటికి బయటికి రాక తప్పదు కాబట్టి, ఈఎస్ఐ ఉండగానే మీ ముగ్గురికీ ఒక చిన్న ఫ్యామిలీ ఫ్లోటర్ పాలసీ (ఇంట్లో అందరికీ కలిపి ఒకే ఆరోగ్య బీమా) మొదలుపెట్టండి. పాలసీ తీసుకున్న వెంటనే అన్నీ వర్తించవు. ప్రమాదాలకు తప్ప మామూలుగా మొదటి 30 రోజులు క్లెయిమ్ ఉండదు. ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల వరకు ఆగాల్సి రావచ్చు. ఆ నిరీక్షణ కాలం ఈఎస్ఐ నీడలో గడిచిపోతే మంచిది కదా. 2025 సెప్టెంబరు 22 నుంచి ఇలాంటి పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ కూడా లేదు. దరఖాస్తులో ఉన్న జబ్బు ఏదీ దాచకండి. ఏజెంటు ‘ఫర్వాలేదు, రాయొద్దు’ అన్నా రాయించండి.

ప్రశ్న: మేడమ్, మాది గుంటూరు బ్రాడీపేట. మా అబ్బాయి జర్మనీలోని ట్రియర్‌లో కాపురం ఉంటూ లక్సెంబర్గ్‌లోని కంపెనీకి రైల్లో వెళ్లొస్తాడు. కోడలికి ఉద్యోగం లేదు, ఏడో నెల. ఆమెకు ఏ దేశపు ఇన్సూరెన్స్ వర్తిస్తుంది? పురుడుకు మేము వెళ్తే మా వైద్యం కూడా అందులోకి వస్తుందా?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: అక్కడి పద్ధతి ప్రకారం పనిచేసే దేశంలోనే బీమా చందా కట్టాలి. మీ అబ్బాయి లక్సెంబర్గ్ ఆరోగ్య నిధి సీఎన్‌ఎస్ సభ్యుడై ఉంటాడు. నివాసం వేరే దేశంలో ఉంది కాబట్టి సీఎన్‌ఎస్ ఇచ్చే ఎస్1 అనే పత్రాన్ని (నివాసమున్న దేశంలో వైద్యం పొందే హక్కు ఉందని చూపేది) జర్మనీలోని ఒక ఆరోగ్య బీమా సంస్థలో నమోదు చేయించాలి. అప్పుడు ఉద్యోగం లేని మీ కోడలికి, పుట్టబోయే బిడ్డకు ట్రియర్‌లోనే జర్మనీ వాళ్లతో సమానంగా వైద్యం అందుతుంది. ఖర్చు లక్సెంబర్గ్ భరిస్తుంది. మనవాళ్లు ఐరోపా పౌరులు కాకపోయినా, అక్కడ చట్టబద్ధంగా నివసిస్తుంటే 2011 నుంచి ఈ నియమాలు వర్తిస్తున్నాయి. ఎస్1 నమోదైందో లేదో ఈ రోజే ఫోన్ చేసి అడగండి. కాన్పు దగ్గరపడ్డాక కాగితాల వెంట తిరగడం ఆ పిల్లకు కష్టం. బిడ్డ పుట్టాక పేరు చేర్పించడమూ మరవొద్దనండి.

ఇంటి నుంచి ఎక్కువ రోజులు పనిచేస్తుంటే మాత్రం జాగ్రత్త. నివాస దేశంలో చేసే పని నాలుగో వంతుకు చేరితే బీమా బాధ్యత జర్మనీకి మారిపోతుంది. 2023 జూలై నుంచి రెండు దేశాలూ ఉన్న ఒప్పందం కింద, కంపెనీ దరఖాస్తు చేసి, ఏ దేశపు బీమా వర్తిస్తుందో తెలిపే ఏ1 పత్రం తెచ్చుకుంటే, సగానికి లోపు ఇంటి పనైతే లక్సెంబర్గ్ బీమాయే కొనసాగుతుంది. భార్య కాన్పు సమయంలో ఇంట్లో ఉండాలని ఏ భర్తకైనా అనిపిస్తుంది. ఆ రోజులు పెంచుకునే ముందే కంపెనీతో మాట్లాడమనండి.

చుట్టపు చూపుగా వెళ్లే మీకు అబ్బాయి బీమా వర్తించదు. షెంగెన్ వీసాకు (ఐరోపాలోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసా) కనీసం 30,000 యూరోల ట్రావెల్ ఇన్సూరెన్స్ ఎలాగూ తీసుకోవాలి. అది అత్యవసరాలకే, రోజూ వేసుకునే బీపీ, షుగరు మాత్రలకు కాదు. ఉండబోయే రోజులన్నిటికీ సరిపడా మందులు, డాక్టరు చీటీతో సహా గుంటూరులోనే తీసుకుని బయల్దేరండి. పాలసీ తీసుకునేటప్పుడు పాత జబ్బులు ఉన్నట్టుండి ముదిరితే కవర్ ఉందా అని అడిగి, ఉన్నదే ఎంచుకోండి.