ఎమ్మార్పీకే అమ్మామంటే ఆస్పత్రి బాధ్యత తీరినట్టేనా?

ప్రశ్న: ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్‌తో మా నాన్నగారు ఒక ప్రైవేటు ఆస్పత్రిలో తొమ్మిది రోజులు ఉన్నారు. రోజుకు మూడు చొప్పున వేసిన ఇంజెక్షన్‌ను ఆస్పత్రిలోని మందుల షాపులోనే కొనాలన్నారు. ఒక్కొక్కటి రూ.2,450. అదే కంపెనీ ఇంజెక్షన్‌ను బయటి షాపువారు రూ.700కే ఇస్తామన్నారు. నిలదీస్తే ‘ఎమ్మార్పీకి మించి పైసా తీసుకోలేదు’ అంటున్నారు. మందుల ధరలను ప్రభుత్వం నియంత్రిస్తుంది కదా! మా డబ్బు తిరిగి వస్తుందా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం జిల్లా

జవాబు: బయట తక్కువకు దొరుకుతోందన్న ఒక్క కారణంతో ఎమ్మార్పీకి అమ్మడాన్ని చట్టం నేరంగా చూడదు. ఇరవై ఏడు ఇంజెక్షన్ల మీద మీకు రూ.47,250 తేడా వచ్చిందని లెక్కవేసిన తరువాత కూడా ఈ మాట రాయవలసి రావడం నాకు కష్టంగానే ఉంది. అయితే డబ్బా మీద అచ్చయిన ఎమ్మార్పీని నిర్ణయించేది తయారీ కంపెనీయే గాని ప్రభుత్వం కాదు గనుక, ఆ అంకె చట్టం విధించిన హద్దులో ఉందా లేదా అన్నది ముందుగా తేల్చుకోవాలి.

నిత్యావసర వస్తువుల చట్టం, 1955లోని 3వ సెక్షన్ కింద కేంద్రం 2013లో ఔషధ ధరల నియంత్రణ ఉత్తర్వును జారీ చేసింది. దానిని అమలు చేసేది 1997లో ఏర్పడిన జాతీయ ఔషధ ధరల నిర్ణయ సంస్థ, అంటే ఎన్‌పీపీఏ. అత్యవసర ఔషధాల జాతీయ జాబితాలో ఉండి, ఈ ఉత్తర్వు మొదటి షెడ్యూలులో చేరిన మందులకు ఈ సంస్థ సీలింగ్ ధర, అంటే మించకూడని గరిష్ఠ ధర ప్రకటిస్తుంది. 2022లో సవరించిన జాబితాలో 384 మందులున్నాయి. మార్కెట్‌లో ఒక శాతం, అంతకు మించి వాటా ఉన్న బ్రాండ్లను కంపెనీలు చిల్లర వ్యాపారికి ఏ ధరకు ఇస్తున్నాయో చూసి, వాటి సగటుకు 16 శాతం వ్యాపారి లాభం కలిపితే వచ్చేదే సీలింగ్ ధర. దాని మీద జీఎస్టీ మాత్రమే అదనంగా వేయవచ్చు. అంతకుముందున్న 1995 నాటి ఉత్తర్వు తయారీ ఖర్చును ఆధారంగా తీసుకునేది. ఇప్పుడు ఖరీదైన బ్రాండ్లే సగటును పైకి లాగుతున్నాయి. ఈ మార్పు రోగికి మేలు చేయలేదన్నది నా దృఢమైన అభిప్రాయం.

షెడ్యూలులో లేని మందుకు కంపెనీ మొదట ఏ ధర పెట్టినా అడ్డులేదు; పన్నెండు నెలల్లో దానిని పది శాతానికి మించి పెంచరాదన్న నిబంధన మాత్రమే ఉంది. రూ.700కు అమ్మినా గిట్టుబాటయ్యే ఇంజెక్షన్ మీద రూ.2,450 అచ్చువేయగలగడం ఈ వెసులుబాటు వల్లనే సాధ్యమవుతోంది. ప్రజాప్రయోజనం కోసం ఇలాంటి మందుల మీద కూడా హద్దు విధించే అధికారం ఉత్తర్వులోని 19వ పేరాలో ఉంది. 2019లో 42 క్యాన్సర్ మందుల మీద వ్యాపార లాభాన్ని 30 శాతానికి కట్టడి చేసింది ఆ పేరా కిందనే. ధరల నిర్ణయం శాసన స్వభావం గల, అంటే చట్టం చేయడం వంటి పని అని, దానిని సవాలు చేసిన కంపెనీల కోసం న్యాయస్థానం ప్రతి అంకెనూ తిరగదోడదని 1987లో సయనమైడ్ ఇండియా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు రాసిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి తెలుగువారు. ప్రాణాధారమైన మందుల మీద మితిమీరిన లాభం గుంజడం పైశాచికమని ఆయన అందులో సూటిగానే అన్నారు. అధికారం అంత స్పష్టంగా ఉన్నప్పుడు దానిని ఇంత అరుదుగా వాడడం అన్యాయం.

మీరు మందు పేరు రాయలేదు. మందుల ధరలు తెలిపే ఎన్‌పీపీఏ వారి ఫార్మా సహీ దామ్ యాప్‌లో దాని పేరు, మోతాదు వేసి చూడండి. మీ బిల్లులోని ధర సీలింగ్ ధర, జీఎస్టీ కలిపిన మొత్తాన్ని దాటితే ఎన్‌పీపీఏకు, మీ జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు ఫిర్యాదు చేయండి. అయితే ఎన్‌పీపీఏ కంపెనీ నుంచి వడ్డీతో రాబట్టే అదనపు సొమ్ము ప్రభుత్వానికి జమ అవుతుందే గాని మీ చేతికి రాదు. మీ డబ్బు మీకు రావాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కే వెళ్లాలి.

ధర హద్దులోనే ఉన్నదని తేలినా మీ ఫిర్యాదు వీగిపోదు. ఒక సేవ పొందాలంటే మరొక వస్తువును తమ వద్దనే కొనాలని షరతు పెట్టడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం నిర్బంధ వాణిజ్య పద్ధతి. మందులు ఎక్కడ కొనాలో ఎంచుకునే హక్కు రోగిదేనని జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రం కూడా చెబుతోంది. 2025 మార్చిలో ఇదే సమస్య మీద వచ్చిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు దేశమంతటికీ వర్తించే ఆదేశాలేవీ ఇవ్వకుండా, విధాన నిర్ణయాన్ని రాష్ట్ర ప్రభుత్వాలకు వదిలింది. అందువల్ల మీరు సాధారణ సూత్రం మీద ఆధారపడకుండా, మీ విషయంలో బలవంతం జరిగిందని సాక్ష్యంతో నిరూపించాలి. బయటి మందు తెస్తే వేయబోమన్న మాట ఎవరు, ఎప్పుడు, ఎవరి ముందు అన్నారో ఇప్పుడే రాసి పెట్టుకోండి. బ్యాచ్ నంబరు ఉన్న బిల్లులను, ఖాళీ డబ్బాలను భద్రపరచండి. వీలైతే బయటి షాపు నుంచి ఆ ఇంజెక్షన్ ధర తెలిపే కొటేషన్ తీసుకోండి.

ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల రూపాయలు మించకపోతే రుసుము లేదు. అన్నిటికంటే ముందు కేస్‌షీట్ నకలు కోసం ఆస్పత్రికి రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. వైద్య వృత్తి నియమావళి ప్రకారం 72 గంటల్లో ఆ రికార్డులు మీకు అందాలి. ఎన్ని ఇంజెక్షన్లకు డబ్బు కట్టారో, నిజంగా ఎన్ని వేశారో పోల్చి చూడడానికి ఆ నకలే ఆధారం.